జైలు వంటగదిలో ఉద్యోగం: అబ్బాయి సిద్ధం, నాన్నకే సందేహం

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఇక్కడి పౌరుడే. ఇంజినీరింగ్ వద్దని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల వంట కోర్సు చేసి, ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో పనిచేస్తున్నాడు. ఇప్పుడు జైలు వంటగది ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాడు. ఒకటి రాష్ట్ర జైలులో, ఇంకొకటి కౌంటీ జైలులో కాంట్రాక్టు కంపెనీ తరఫున. వాణ్ని న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పేరున్న వంటల కళాశాలలో బ్యాచిలర్ డిగ్రీ చేయించి, తర్వాత మిత్రులతో కలిసి బిర్యానీ ఫ్రాంచైజీ పెట్టించాలని నా ఆలోచన. వాడు ఎంచుకున్న దారినీ, నా ఆలోచననూ పోల్చి చెప్పండి. జైలులో ప్రాణభయం ఉంటుందా? గొడ్డుమాంసం ముట్టుకోవాలా అని మా ఆవిడ అడుగుతోంది. వచ్చే ఏడాది అమ్మాయికి సంబంధాలు చూడాలి. అన్నయ్య జైలులో పనిచేస్తాడని ఎలా చెప్పుకోవాలి?

జవాబు: ఇన్ని అడిగారు కానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆఖరి ప్రశ్న ఒక్కటే. దీన్నే మాటలు మార్చి అడిగిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. నర్సింగ్ చదువుతానన్న అబ్బాయి తండ్రి, ట్రక్కు నడుపుతానన్న అబ్బాయి తల్లి, అందరూ జీతంతో మొదలుపెట్టి నలుగురిలో పరువు దగ్గర ఆగుతారు. కాబట్టి నేను అక్కడి నుంచే వస్తాను.

రాష్ట్ర జైలులో చేరితే మీ అబ్బాయి మిషిగన్ ప్రభుత్వోద్యోగి అవుతాడు. ఆరోగ్య బీమా, జీతంతో కూడిన సెలవులు, పదోన్నతుల నిచ్చెన అన్నీ ఉంటాయి. మన ఊళ్లో జైలు సూపరింటెండెంటు ఇంటి నుంచి సంబంధం వచ్చిందంటే ఎంత గౌరవంగా చెప్పుకుంటామో మీకు తెలియనిది కాదు. ఆయన రోజూ అడుగుపెట్టేదీ అలాంటి ప్రహరీ లోపలికే కదా. అంటే మీకు గుచ్చుకుంటున్నది జైలు కాదండీ, వంట. ‘చిప్పకూడు వండుతాడట’ అని ఎవరో నవ్వుతారన్న భయం. కొడుకు ఇంజినీరింగ్ వద్దన్న రోజున తగిలిన దెబ్బ మీకింకా మానలేదు. దానికి ఇప్పుడు జైలు అనే సాకు దొరికింది. కటువుగా అంటున్నానని తెలుసు. కానీ మీ ఉత్తరమంతా వెతికినా, వాడు ఈ పని ఎందుకు కోరుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

సంబంధాలకు వచ్చినవారితో ‘మావాడు మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వంలో, జైళ్ల శాఖ ఆహార విభాగంలో చేస్తున్నాడు’ అని మామూలు గొంతుతో చెప్పండి. అందులో దాచిందీ లేదు, పెంచిందీ లేదు. ఆ మాటకే లేచి వెళ్లిపోయేవారుంటే, పెళ్లయ్యాక మీ అమ్మాయి ఉద్యోగం మారినా ముఖం మాడ్చుకునేవారే. ముందే వెళ్లిపోవడం మీ అదృష్టం.

ఇక పని సంగతి. మన దేశంలో జైలు వంట ఎక్కువగా శిక్ష పడిన ఖైదీల చేతే చేయిస్తారు, అందుకే ఇలాంటి జీతపు ఉద్యోగం మన ఊహకు అందదు. మిషిగన్‌లోనూ గరిటె తిప్పేది చాలావరకు ఖైదీలే. వారిచేత సరిగ్గా, శుభ్రంగా, వేళకు చేయించడం మీ అబ్బాయి పని. రోజుకు మూడు పూటలు, వందల పళ్లాలు, పెద్ద జైలైతే వెయ్యి దాటుతాయి. ఏడాదికి ఒకసారి పెళ్లి వంట చేయించి మనం వారం రోజులు అలసిపోతాం. ఇక్కడ ప్రతి పూటా పెళ్లి వంటే, అదీ పంక్తి ఒక్క పావుగంట ఆలస్యమైనా గొడవయ్యే చోట.

ఆ వంటగది లోపల కత్తిని గొలుసుతోనో ఉక్కు తీగతోనో బల్లకు బిగించి ఉంచుతారు. పరికరాల బీరువాలో వెనక పలక మీద ప్రతి కత్తి, ప్రతి గరిటె ఆకారం రంగుతో గీసి ఉంటుంది. తీసినవారి పేరు రాసుకుని ఇస్తారు, షిఫ్టు ముగిసే ముందు లెక్క చూస్తారు. ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా, ఆ వస్తువు దొరికేదాకా ఎవరూ గుమ్మం దాటరు. ఈస్టుకు తాళం, ఎందుకంటే దాంతో, చక్కెరతో, పండ్లతో దొంగచాటుగా సారా పులియబెడతారు. మత్తు కోసం మింగుతారని జాజికాయ మీదా కన్నేసి ఉంచుతారు. సొంత ఫోను లోపలికి రానివ్వరు కాబట్టి, గంట గంటకూ కొడుక్కి ఫోను చేసే అలవాటు ఇంట్లో ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

ప్రాణభయం లేదని ఒట్టు వేసి చెప్పలేను. మరుగుతున్న నీళ్లు, బరువైన పాత్రలు, విసుగెత్తిన మనుషులు ఒకేచోట ఉంటారు. అయినా ఎక్కువ రోజులు లెక్కలతో, కడుగుళ్లతో చప్పగానే గడిచిపోతాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టే ప్రమాదం వేరే ఉంది. మొదట ఒక ఖైదీ ఒక ఉల్లిపాయ అదనంగా అడుగుతాడు. ఇస్తే, వారం తర్వాత ఒక ఉత్తరం బయట పోస్టు చేయమంటాడు. అదీ చేస్తే, ఇక అడగడం ఉండదు, బెదిరించడమే ఉంటుంది. ఈ ఉద్యోగాల్లో కుర్రవాళ్లు కొట్లాటల్లో కంటే ఇలాంటి మెత్తదనంలోనే ఎక్కువగా కొలువు పోగొట్టుకుంటారు. మీవాడు నవ్వుతూనే ‘లేదు’ అనగలడా, మొహమాటానికి లొంగుతాడా? ఈ ఉద్యోగం వాడికి సరిపడుతుందో లేదో తేల్చే ప్రశ్న ఇది. తండ్రిగా దీనికి జవాబు మీకే బాగా తెలియాలి.

గొడ్డుమాంసం విషయం అమ్మగారికి చెప్పండి: వంట కోర్సులో రెండేళ్లు చదివిన పిల్లవాడు అన్ని రకాల మాంసాలతోనూ పనిచేసే ఉంటాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. హైడ్ పార్క్‌కు పంపితే అంతకంటే ఎక్కువే చేయాలి. జైలు పాత్రలోకి అదొక్కటే వెళ్లదు. మిషిగన్ జైళ్లలో మత నియమాల ఆహారం కోరేవారికి 2013 నుంచి పెడుతున్నది పాలు, గుడ్లు కూడా లేని శుద్ధ శాకాహారం. యూదు ఖైదీలకు సబ్బాతు రోజున, పండుగలకు మాంసం, పాల పదార్థాలు కూడా ఇవ్వాల్సిందేనని 2021లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పేంతవరకూ వెళ్లింది ఈ వ్యవహారం. పప్పులు, శనగలు, చిక్కుడు గింజలకు రుచి తేవడం తెలిసిన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది.

ఈ పనిని చిన్నదనుకుంటే ఒక లెక్క చూడండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశోధకులు 1998 నుంచి 2014 వరకు నమోదైన వివరాలు పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. కలుషితాహారం వల్ల మూకుమ్మడిగా జబ్బుపడే బెడద జైళ్లలో ఉన్నవారికి బయటివారికంటే 6.4 రెట్లు ఎక్కువని తేలింది. పెద్ద గంగాళంలో మిగిలిన బీన్స్ కూరను లోతు తక్కువ పళ్లాల్లోకి మార్చకుండా అలాగే వదిలేస్తే, పైన చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్రిములు పెరిగేది అక్కడే. 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దించాలి. ఈ సూత్రాలన్నీ మీవాడు పరీక్షలో రాసినవే, వాటిని మళ్లీ వల్లించను. తెల్లవారుజామున థర్మామీటరు గుచ్చి, తేడా వస్తే ‘పారబొయ్యి’ అనగలిగే మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నదాని మీద వందలమంది కడుపు ఆధారపడుతుంది. వాళ్లు బయటికి వెళ్లి ఇంకో హోటల్లో తినలేరు.

రాష్ట్రమా, కాంట్రాక్టు కంపెనీయా అన్నది మీరు పోలికగా అడగలేదు గానీ, అడగాల్సిన పోలిక అదే. 2013 డిసెంబరులో మిషిగన్ తన జైలు వంటగదులను అరామార్క్ కంపెనీకి మూడేళ్లకు 14.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో అప్పగించింది. సుమారు 370 మంది రాష్ట్ర సిబ్బంది స్థానంలో తక్కువ జీతానికి కొత్తవారు వచ్చారు. వంటగదుల్లో పురుగులు, చాలని భోజనాలు, ఖైదీలతో హద్దు మీరినందుకు గేటు బయటికి పంపేసిన ఉద్యోగులు, ఇవే పత్రికల నిండా. 2015లో ఆ ఒప్పందం ముగిసి ట్రినిటీ అనే మరో కంపెనీ వచ్చింది. 2016 సెప్టెంబరులో కిన్‌రాస్ జైలులో అలజడి జరిగినప్పుడు ఖైదీల ఫిర్యాదుల్లో తిండి కూడా ఉంది. చివరికి, ప్రైవేటుకు ఇచ్చిన గవర్నర్ రిక్ స్నైడర్ హయాంలోనే 2018లో వంటగదులు మళ్లీ రాష్ట్ర ఉద్యోగుల చేతికి వచ్చాయి. మీవాడు దరఖాస్తు పెట్టిన రాష్ట్ర కొలువు అలా తిరిగి వచ్చినదే. ఈ రాష్ట్రంలో జైలు తిండి ఎప్పుడూ చిన్న విషయం కాలేదు. 1952లో జాక్సన్ జైలు అల్లర్లు ముగిసినప్పుడు లొంగిపోయిన ఖైదీలకు స్టేక్, ఐస్‌క్రీం పెట్టారు.

కాబట్టి రెండూ వస్తే రాష్ట్ర ఉద్యోగమే. ఒక లోటు మాత్రం చెప్పాలి: 1997 మార్చి నెలాఖరు నుంచి చేరిన మిషిగన్ రాష్ట్ర ఉద్యోగులకు పాత తరహా పింఛను లేదు, 401-కె అనే విరమణ పొదుపు ఖాతాయే. పింఛను కావాలంటే మీకు దగ్గర్లోనే మైలాన్‌లో కేంద్ర ప్రభుత్వ జైలు ఉంది. కేంద్ర జైళ్లలో వంట పర్యవేక్షకులకూ భద్రతా సిబ్బందితో సమానమైన విరమణ హక్కులు ఉంటాయి, 20 ఏళ్ల సర్వీసుతో 50వ ఏట పింఛనుతో దిగవచ్చు. పౌరసత్వం ఉండాలి, మామూలుగా 37 ఏళ్లు నిండకముందే చేరాలి. మీవాడికి రెండూ అనుకూలమే. రాష్ట్ర జైలులో రెండు మూడేళ్లు చేసి అటు ప్రయత్నిస్తే చేయి తిరిగినవాడిగా వెళతాడు.

ఇక మీ ముచ్చట. హైడ్ పార్క్ కళాశాల మంచిదే, 1946 నుంచి ఉన్న సంస్థ, దాని పేరుకు తలుపులు తెరుచుకుంటాయి. నా అనుమానమల్లా అప్పు మీద. టీవీ వంటల పోటీలు చూసి ఈ దేశంలో ఒక తరం పిల్లలు ఖరీదైన వంట బళ్లకు ఎగబడ్డారు. పట్టా చేత పట్టుకుని వెళ్లినా హోటల్ వంటగదిలో మొదటి రోజు ఇచ్చే గంట కూలీ, పట్టా లేనివాడికి ఇచ్చేదానికి పెద్దగా తేడా ఉండదు. ఆ జీతంతో అప్పు తీరదు. ల కోర్డాన్ బ్లూ పేరుతో అమెరికాలో నడిచిన 16 శాఖలను మూసేస్తున్నట్టు 2015లో ప్రకటించి, 2017 కల్లా మూసేశారు. న్యూయార్క్‌లో 1984 నుంచి నడిచిన ఇంటర్నేషనల్ కలినరీ సెంటర్ 2020తో ముగిసింది. హైడ్ పార్క్‌కూ అదే గతి పడుతుందని నేననడం లేదు. పేరును చూసి అప్పు చేయవద్దంటున్నాను. చదువు తప్పనిసరి అనుకుంటే ఒక చిట్కా ఉంది. విద్యార్థి తన పేరున తీసుకున్న కేంద్ర ప్రభుత్వ రుణాన్ని, ప్రభుత్వ కొలువులో ఉంటూ నిబంధనల ప్రకారం 120 నెలవారీ వాయిదాలు కడితే, మిగిలినది మాఫీ చేస్తారు. రాష్ట్ర జైలు ఉద్యోగం దానికి లెక్కకు వస్తుంది, లాభం కోసం నడిచే కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగం రాదు. మీ పేరున తల్లిదండ్రుల రుణం తీసుకుంటే మాత్రం చూసేది మీ ఉద్యోగాన్ని. మీది సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే మాఫీ మాట మరిచిపోండి.

బిర్యానీ ఫ్రాంచైజీ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. మన తెలుగువారున్న ప్రతి ఊళ్లోనూ ఇప్పుడిదే మోజు. నలుగురు మిత్రులు వాటాలు వేసుకుంటారు. నలుగురూ పెట్టుబడి పెట్టేవారే, శుక్రవారం రాత్రి ఉల్లిపాయలు వేయించడానికి నిలబడేవారు ఒక్కరూ ఉండరు. ఆ ఒక్కడి స్థానంలో మీరు మీ అబ్బాయిని ఊహించుకున్నారు. వాటాదారుల్లో ఒకరి కొడుకు, వయసులో చిన్నవాడు, నష్టం వస్తే అందరి వేలూ వాడివైపే. 22 ఏళ్ల పిల్లవాణ్ని నాన్నగారి స్నేహితుల డబ్బుకు జవాబుదారీ చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ముప్పై దాటాక, సొంత పొదుపుతో, తనంతట తాను పెడతానంటే అప్పుడు దీవించండి.

జైలు వంటగది జీవితాంతం కట్టిపడేసే చోటు కాదని కూడా తెలుసుకోండి. ఇక్కడ నాలుగేళ్లు చేసినవాణ్ని ఆసుపత్రులు, పాఠశాలలు, విశ్వవిద్యాలయాల భోజనశాలలు తీసుకుంటాయి. పెద్ద మొత్తంలో వండించడం, సరుకు లెక్క, పథ్యపు భోజనాలు, మనుషులను నడపడం, అన్నీ అక్కడా కావాల్సినవే. కోల్డ్‌వాటర్‌లోని లేక్‌లాండ్ జైలులో ఖైదీలకు వంట వృత్తిగా నేర్పే కార్యక్రమం ఉంది. నేర్పడం మీద మక్కువ ఉన్నవాడైతే అటు కూడా వెళ్లగలడు. మీరు అడగని కారణం అదేనేమో, ఈసారి అడిగి చూడండి.

పిలుపు వస్తే వాడు అక్కడ అడగాల్సినవి: మొదటి ఏడాది ఏ షిఫ్టు, సిబ్బంది తక్కువైన రోజున తప్పనిసరి ఓవర్‌టైం ఎంత, ఒక్కో షిఫ్టులో ఎంతమంది ఖైదీలకు ఎందరు ఉద్యోగులు, వంటగదిలో కాపలా అధికారి ఉంటాడా, ఎన్ని వారాల శిక్షణ ఇచ్చాక ఒంటరిగా వదులుతారు. నేపథ్య తనిఖీ, మాదకద్రవ్య పరీక్ష అయ్యేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గంజాయి మిషిగన్‌లో చట్టబద్ధమే కదా అన్న ధీమాతో స్నేహితుల మధ్య కూర్చోవద్దని ఇప్పుడే చెప్పండి. నియామక పత్రం చేతికి అందేదాకా ఆసుపత్రి క్యాంటీన్ పని మాననివ్వకండి.