ఎర్ర శిలువ జెండా ఎవరిది?

ప్రశ్న: మేడం, నేను కోవెంట్రీలో పీజీ చదువుతున్నాను. 2025 వేసవిలో మా వీధి దీపాల స్తంభాలకు తెల్లబట్ట మీద ఎర్ర శిలువ ఉన్న జెండాలు కట్టారు. బ్రిటన్‌కు ఒక జెండా ఉండగా ఇదెందుకు? వాటి కింద నుంచి నడుస్తుంటే టెన్షన్‌గా ఉంటోంది. – ఒక విద్యార్థిని

జవాబు: అది ఇంగ్లండ్ జెండా అమ్మా, సెయింట్ జార్జి శిలువ. యూనియన్ జాక్ ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ కలిసిన యునైటెడ్ కింగ్‌డమ్‌ది. 1966లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగినప్పుడు ఇంగ్లండ్ అభిమానులు ఊపింది యూనియన్ జాక్‌నే. 1996 యూరో కప్ నాటికి అదే వెంబ్లీలో వాళ్ల చేతుల్లోకి ఎర్ర శిలువ వచ్చింది. ఇంగ్లిష్ జాతీయవాద రాజకీయం ఆ వెనకే వచ్చింది.

1999లో స్కాట్లండ్‌కు పార్లమెంటు, వేల్స్‌కు అసెంబ్లీ మొదలయ్యాయి. 1998 శాంతి ఒప్పందం ఉత్తర ఐర్లండ్‌కూ అసెంబ్లీ ఇచ్చింది. దేశ జనాభాలో దాదాపు 84 శాతం ఉన్న ఇంగ్లండ్‌కు మాత్రం సొంత చట్టసభ లేదు, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటే దిక్కు. నువ్వు విద్యార్థినివి కాబట్టి ఫీజుల సంగతే చెబుతాను. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ఫీజులు పెంచే బిల్లు 2004 జనవరిలో ఆ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో కీలక దశను ఐదు ఓట్ల తేడాతో దాటింది. స్కాట్లండ్ లేబర్ ఎంపీలు చేయెత్తకపోతే అక్కడే ఆగిపోయేది. స్కాట్లండ్ యూనివర్సిటీల ఫీజులు నిర్ణయించేది మాత్రం ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ పార్లమెంటు, అక్కడ ఇంగ్లండ్ ఎంపీలకు ఓటు లేదు. ఈ చిక్కును వెస్ట్ లోథియన్ ఎంపీ టామ్ డాలియెల్ 1977లోనే సభలో లేవనెత్తారు. ఆయనది స్కాట్లండ్ నియోజకవర్గమే.

2014 సెప్టెంబర్‌లో స్కాట్లండ్ ఓటర్లు విడిపోవద్దని తీర్పిచ్చారు. మర్నాడు తెల్లవారగానే ప్రధాని డేవిడ్ కామెరాన్ డౌనింగ్ స్ట్రీట్ వాకిట్లో నిలబడి ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ ఓట్లే ఉండాలన్నారు. దేశం కలిసే ఉంటుందని తేలిన ఉదయం ఆ మాట అనడం నా దృష్టిలో పెద్ద తప్పు. 2015 ఎన్నికల్లో ఆయన పార్టీ పోస్టరు వేసింది: స్కాట్లండ్ స్వతంత్రం కోరే నాయకుడు అలెక్స్ సాల్మండ్ కోటు జేబులో లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్. ఇంగ్లండ్ ఓటరులో భయం రేపడమే దాని పని. ఆ ఏడాది తెచ్చిన ఇంగ్లండ్ ఓట్ల నిబంధనను 2021లో ఎత్తేశారు. ఇంగ్లండ్‌కు మళ్లీ ఏమీ మిగల్లేదు.

నేను సండర్లాండ్‌లో ఒక కాలేజీలో పాలిటిక్స్ చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016లో జరిగిన రిఫరెండం రాత్రి మా ఊరి ఫలితం తొలిగా వచ్చినవాటిలో ఒకటి: వద్దని 61.3 శాతం. ఊరి పక్కనే నిస్సాన్ ఫ్యాక్టరీ, అక్కడ తయారయ్యే కార్లలో ఎక్కువ భాగం యూరప్‌కే పోయేవి. అయినా వద్దన్నారు. ఇంగ్లండ్ మొత్తం మీద వద్దన్నవాళ్లు 53.4 శాతం. స్కాట్లండ్‌లో 62 శాతం ఉండాలన్నారు, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం. మా ఊరివాళ్ల మీద నాకు కోపం లేదు. ఓడల యార్డులు, గనులు మూతపడ్డాక తమ మాట ఎవరూ వినలేదన్న వాళ్ల బాధ నిజం. వెస్ట్‌మినిస్టర్‌ను నిలదీయాల్సిన ఆ కోపాన్ని ముందు యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ మీదికి, తర్వాత వలస వచ్చినవాళ్ల మీదికి మళ్లించిన నాయకులనే నేను తప్పుపడతాను.

నీ టెన్షన్ అనవసరమని చెప్పను. ఆ జెండాల్లో కొన్ని ఊరి మీద ప్రేమతో కట్టినవి, కొన్ని మనలాంటివాళ్లకు హెచ్చరికగా కట్టినవి. కింద నిలబడి చూస్తే ఏది ఏదో తెలియదు. ఎవరైనా బెదిరిస్తే ఊరుకోకు. పోలీసుల నంబరు 101కు ఫోన్ చెయ్యి, ప్రమాదం అనిపిస్తే 999కి.

ప్రశ్న: బ్రిటన్ నేటోలో అలాగే ఉంది కదండీ. ఇంగ్లిష్ జాతీయవాదం అంతర్జాతీయ కూటములను మార్చిందని ఎలా అంటారు? – ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: ఎలాంటి కూటమి కావాలన్న ఇష్టం మారిందండీ. యూరోపియన్ యూనియన్‌లో చట్టాలు ఉమ్మడి, కోర్టు ఉమ్మడి, మనుషుల రాకపోకలు స్వేచ్ఛ. నేటోలో ఇవేవీ ఉండవు, అందుకే బ్రెగ్జిట్, అంటే ఆ యూనియన్ నుంచి వైదొలగడం, కోరినవాళ్లలో చాలామందికి నేటోతో పేచీ లేదు. 2021 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాకు అణు జలాంతర్గాములు సమకూర్చేందుకు బ్రిటన్‌కు అమెరికా, ఆస్ట్రేలియాలతో ఆకస్ ఒప్పందం కుదిరింది. దాంతో ఫ్రాన్స్ చేతిలోని జలాంతర్గాముల కాంట్రాక్టు పోయింది. ఫ్రాన్స్ వాషింగ్టన్, కాన్‌బెర్రాల నుంచి తన రాయబారులను వెనక్కి పిలిపించుకుంది. 2024 డిసెంబర్‌లో బ్రిటన్ పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో చేరింది. దూరపు దేశాలతో చేతులు కలపడం తప్పు కాదు, కానీ ఉక్రెయిన్ యుద్ధం యూరప్ గడప దాకా వచ్చాక పొరుగువాళ్లే కావలసివచ్చారు. 2025 మేలో లండన్‌లో యూరోపియన్ యూనియన్‌తో రక్షణ భాగస్వామ్యానికి సంతకాలు జరిగాయి.

అసలు ప్రమాదం ఇంట్లో ఉంది. బ్రిటన్ అణు జలాంతర్గాముల స్థావరం ఫాస్లేన్ స్కాట్లండ్‌లో ఉంది. అక్కడ అధికారంలో ఉన్న స్కాటిష్ నేషనల్ పార్టీ స్వతంత్రమూ కోరుతుంది, అణ్వాయుధాలూ వద్దంటుంది. 2016 ఓటుతో తమను తమ ఇష్టానికి విరుద్ధంగా యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి లాగారన్నది వాళ్ల వాదన. ఇంగ్లండ్ ఓట్ల బలంతో తీసుకున్న నిర్ణయం స్కాట్లండ్‌ను దూరం చేస్తే నేటోకు బ్రిటన్ ఇచ్చే అణు బలం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో అయితే బ్రెగ్జిట్ వల్ల బ్రిటన్ నుంచి వచ్చే సరుకుల తనిఖీ ఐరిష్ సముద్రం దగ్గరికి వచ్చింది. ఆ తగాదాతో 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు అక్కడి ప్రభుత్వం నడవలేదు.

ప్రశ్న: మా బాబు ఇక్కడే పుట్టాడు. తను ఇంగ్లిష్ అంటే క్లాసులో ఒక పిల్లాడు కాదన్నాడట. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి, స్లవ్

జవాబు: ఇంగ్లిషే అని చెప్పండమ్మా, తడబడకుండా చెప్పండి. సౌతాంప్టన్‌లో పుట్టి ప్రధానిగా చేసిన రిషి సునాక్ ఇంగ్లిష్ అవునా కాదా అని 2025లో కూడా కొందరు వాదించారు. వాదన ఉన్నంత మాత్రాన వాళ్లది న్యాయం అయిపోదు. నైజీరియా తల్లిదండ్రులకు లండన్‌లో పుట్టిన ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ బుకాయో సాకా 2021 యూరో ఫైనల్లో పెనాల్టీ మిస్సయితే జాత్యహంకారంతో బూతులు తిట్టారు. 2024 యూరోలో స్విట్జర్లాండ్ మీద అతనే గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో పెనాల్టీ కూడా వేశాడు. ఆ మ్యాచ్ మీ బాబుకు చూపించండి. టీచర్‌తోనూ మాట్లాడండి, ఆ పిల్లాణ్ణి శిక్షించమని కాదు, క్లాసులో ఈ సంగతి చర్చకు పెట్టమని.