కణంలో ఏది ఎక్కడుండాలో ఎవరు చూస్తారు?

తమ్ముడు అడిగిందేందంటే, కణం లోపలంతా జావలాంటి ద్రవమే అయితే కేంద్రకం, ప్రొటీన్లని సర్ది పంపే గాల్జీ, శక్తినిచ్చే మైటోకాండ్రియా ఎవరి చోట అవి ఎట్లా నిలబడుతున్నాయి, సైటోస్కెలిటన్ అంటే కణానికి నిజంగా ఎముకలుంటాయా అని. ఆ ఎముకలు అనుకోవడంతోనే వస్తుంది తంటా అంతా. తెలుగు పుస్తకంలో ‘కణ అస్థిపంజరం’ అని రాసి పెడితే ఎవరైనా అట్లానే అనుకుంటారు, నేనూ ఇంటర్‌లో అట్లానే అనుకున్నా.

నేను అల్లూరు దగ్గర చెరువుల రైతులకి నీళ్ళు, సీడు పరీక్ష చేసే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నా. డిగ్రీ కావలిలో. అప్పట్లో హైడ్రిల్లా ఆకు ప్రాక్టికల్ ఒకటి ఉండేది, మా ఊరి కాలవలో ఆ నాచుకి కొదవేముంది, సీసాలో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. స్లైడు పెట్టి చూస్తే పత్రహరిత రేణువులు పెసరగింజలు పోసినట్టు ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. రికార్డులో మాత్రం ‘జీవద్రవ్య చలనం గమనించడమైనది’ అని రాసి సంతకం పెట్టించుకున్నాం, క్లాసంతా అంతే. తర్వాతి వారం మనసొప్పక మళ్ళీ కూర్చుని, ఆకుని టేబుల్ లైటు కింద పావుగంట ఉంచి, ఈసారి నడిమీనె పక్క కణాల్లో వెతికా. తిరుగుతున్నాయి! గోడ వెంబడే, ఒకదాని వెనక ఒకటి, గానుగెద్దు తిరిగినట్టు ఒకే వైపుకి. ఊరికే నీళ్ళలో కొట్టుకుపోయేవైతే అడ్డదిడ్డంగా పోవాలి గదా, ఇవి దారి తెలిసినట్టు పోతున్నాయి.

ఆ దారి పేరు ఆక్టిన్, సైటోస్కెలిటన్ అనేది మూడు రకాల ప్రొటీన్ పోగులైతే అందులో ఇదొకటి. సుమారు 7 నానోమీటర్ల మందం పోగులు, మామూలు మైక్రోస్కోపులో కనపడవు. వాటి మీద మయోసిన్ అనే ప్రొటీన్లు నడుస్తూ కణంలోని సరుకుని లాక్కుపోతుంటే చుట్టూ ఉన్న ద్రవం కూడా వాటితో సాగుతుంది. ఈ తిరుగుడుని కోర్తి అనే ఇటలీ ఆయన 1774లోనే నీటిమొక్కల్లో చూశాడు, లాగేది ఏందో తెలియడానికి మాత్రం తర్వాత రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఇక నువ్వడిగిన అసలు సంగతి, ఎవరి చోట వాళ్ళని పెట్టేది, జంతుకణాల్లో ఎక్కువగా సూక్ష్మనాళికల పని. 25 నానోమీటర్ల బోలు గొట్టాలు, ట్యూబులిన్ అనే ప్రొటీన్ ముక్కలు పేర్చి కట్టినవి. నెల్లూరులో రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర జనం బారులు తీరడానికి సరుగుడు కర్రలు కట్టడం చూసుంటావు, పండగ అయిపోగానే విప్పి ఇంకోచోటికి తీసుకుపోతారు. ఇవీ అంతే, కాకపోతే నిమిషాల్లో. ఒక గొట్టం పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కూలిపోతుంది, ఆ ముక్కలతోనే మరోటి లేస్తుంది. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. ఎముక అని పేరు పెట్టుకుంటే ఈ కట్టడం, విప్పడం అసలు బుర్రకెక్కదు.

చాలా జంతుకణాల్లో ఈ గొట్టాల మొదళ్ళు కేంద్రకం పక్కనుండే సెంట్రోసోమ్ దగ్గర, కొసలు కణం అంచుల వైపు. అంటే లోపలికేది, బయటికేది అన్న గుర్తు దారిలోనే ఉంది. ఈ గొట్టాల మీద నడిచే మోటారు ప్రొటీన్లు రెండు రకాలు, కైనెసిన్లలో ఎక్కువ భాగం సరుకుని కొసల వైపు మోస్తాయి, డైనీన్ మొదలు వైపు లాగుతుంది. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లు, అడుక్కొక ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చు. గాల్జీ కేంద్రకం దగ్గర కుదురుగా ఉందంటే ఎవరో అక్కడ మేకు కొట్టారని కాదు, డైనీన్ దాన్ని అటు లాగుతూనే ఉంటుంది గనక. రుజువు కావాలా, కోల్చిసిన్‌లాంటి మందేసి గొట్టాలు విప్పేస్తే గాల్జీ ముక్కలై కణమంతా చెదిరిపోతుంది. మందు కడిగేస్తే గొట్టాలు మళ్ళీ లేచి, ముక్కలు తిరిగి కేంద్రకం దగ్గరికి చేరతాయి. (వానాకాలంలో కంచెల మీద మంటలాగా పూసే అడవినాభి దుంపలో ఉన్న విషం ఈ కోల్చిసినే, దాని జోలికి పోవద్దు.)

మూడో రకం మధ్యస్థ తంతువులు, 10 నానోమీటర్లు. వీటి మీద ఎవరూ నడవరు. ఇవి తాళ్ళు, లాగినా తెగకుండా పట్టుకుంటాయి. చర్మంలో కెరాటిన్ ఇదే, అది పుట్టుకతో సరిగా లేనివాళ్ళకి చిన్న రాపిడికే బొబ్బలు లేస్తాయి. నిజంగా అస్థిపంజరం అనదగింది ఏమన్నా ఉంటే ఈ ఒక్కటే అని నాకనిపిస్తుంది.

ఈ మోతలు ఎందుకు, ద్రవంలో అవే చేరుకోవా అంటావేమో. చిన్న అణువులైతే చేరతాయి, చిన్న కణంలో. వెన్నుపాము నుంచి కాలివేళ్ళ దాకా మీటరు పొడవుండే నాడీతంతువు సంగతి చూడు, అందులో సరుకు నిండిన చిన్న సంచీ ఒకటి ఊరికే తేలుతూ పోవాలంటే వేల ఏళ్ళు. మోటారు ప్రొటీన్లు రోజుకి 200 నుంచి 400 మిల్లీమీటర్లు మోస్తాయి, వారం లోపలే చేర్చేస్తాయి. కైనెసిన్‌ని 1985లో పట్టుకున్నది కూడా సముద్రపు స్క్విడ్ లావుపాటి నాడీతంతువులోనే.

ఇప్పుడు నేను కంటితో చూసింది. జిలేబి చేపని (తిలాపియా) తెల్ల బకెట్లో వేస్తే కాసేపటికి పాలిపోతుంది, నల్ల టబ్బులో వేస్తే నల్లబడుతుంది, మన చెరువుల వాళ్ళందరికీ తెలిసిందే. దాని పొలుసొకటి పీకి ఉప్పునీటి చుక్కలో పెట్టి చూశా. కొమ్మలు చాచిన చెట్టులాగా నల్ల కణాలు, కొమ్మల చివరిదాకా రంగు నిండి ఉంది. ల్యాబ్‌లో ఉన్న పొటాషియం క్లోరైడ్ ద్రావణం చుక్క వేసేసరికి, పొలుసుకి అంటుకుని ఉన్న నాడీకొసలు ఉలిక్కిపడ్డట్టున్నాయి, రంగు రేణువులు కొమ్మల్లోంచి గీత గీసినట్టు మధ్యకి పరిగెత్తుకొచ్చాయి. రెండు మూడు నిమిషాల్లో చెట్టు పోయి నల్ల చుక్క మిగిలింది. కణం ఆకారం మారలేదు, కొమ్మలు ఖాళీ అయ్యాయంతే. మళ్ళీ ఉప్పునీటితో కడిగితే మెల్లగా బయటికి నడిచాయి. లోపలికి లాగింది డైనీన్, బయటికి మోసింది కైనెసిన్, అంచుల్లో ఆక్టిన్ మీద మయోసిన్ సర్దింది. టీ తాగుదామని పిలిచిన మా ఓనరు కూడా లెన్సులో తల పెట్టి పది నిమిషాలు లేవలేదు.

నువ్వూ చూడాలంటే పొలుసు వీపు మీదిది తీసుకో, పొట్ట దగ్గరిదైతే నల్ల కణాలు పెద్దగా ఉండవు. పీకిన వెంటనే చూడు, ఎండితే ఇంకేం కదలదు.