మందు కొట్టినా చేపలకు మళ్ళీ పేను పడుతోంది, డోసు పెంచాలా?

ప్రశ్న: చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. పేను పడితే డెల్టామెత్రిన్ కొట్టాం. వారంలో పోయింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. ఈసారి డోసు రెట్టింపు చేయమంటారా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. వారంలో పేను పోయిందంటే మందు పనిచేసినట్టే. మిగిలిపోయినవి గుడ్లు. ఆడ పేను (ఆర్గులస్) చేపను వదిలి వెళ్ళి నీళ్ళలోని కర్రలు, రాళ్ళ మీద వరుసలుగా గుడ్లు అతికిస్తుంది. మనం వాడే మందులు వాటిని చంపలేవు. నీళ్ళు వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో పగులుతాయి, చలికాలంలో నెల దాటుతుంది. మీకు మూడో వారంలో కనిపించినవి ఆ పిల్లలే. డోసు ఎంత పెంచినా గుడ్లు అలాగే ఉంటాయి, చేపలు మాత్రం దెబ్బతింటాయి.

కాబట్టి లేబుల్ మీదున్న డోసే ఇప్పుడు వేయండి. పిల్లలు పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టేలోపు, అంటే సుమారు మూడు వారాలకు, వల లాగి చూసి పేను ఉంటే ఇంకోసారి వేయండి. ఈలోగా చెరువులో అక్కడక్కడా వెదురు తడికలు దించండి. పేను వాటి మీద గుడ్లు పెడుతుంది. వారానికోసారి తీసి బాగా ఎండబెట్టి మళ్ళీ దించండి. శ్రమే, కానీ గుడ్లను తగ్గించడానికి మీ చేతిలో ఉన్న మంచి దారి ఇదే.

ఎకరాల లెక్కన మందు వేయకండి, నీళ్ళను కొలవండి. ఎకరం చెరువులో మీటరున్నర లోతుంటే సుమారు 6,000 ఘనపు మీటర్లు, రెండు మీటర్లుంటే 8,000 పైనే. ఎండ ముదరకముందే, ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుతూ వేయండి. తెల్లవారుజామున చేపలు ఆక్సిజన్ అందక పైకి తేలుతుంటే ఆ రోజు వద్దు.

పేను రొయ్యల జాతికి దగ్గరిది. అందుకే ఈ మందు రొయ్యలనూ చంపుతుంది. చెరువులో రొయ్య ఉన్నా, నీళ్ళు పక్క రొయ్యల చెరువుకు వెళ్తున్నా వాడొద్దు. పశువుల ఐవర్‌మెక్టిన్ మేతలో కలపమని ఎవరైనా చెప్పినా వినకండి. చేపల్లో పనిచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ తేడా చాలా తక్కువ.

మందు వేసిన రెండు మూడు రోజులకే బతికున్న పేను కనిపిస్తే సంగతి వేరు. అప్పుడు మందు మార్చాల్సి రావచ్చు, చేపను మత్స్యశాఖ వారికి చూపించండి. పట్టుబడి దగ్గరపడి ఉంటే, లేబుల్‌పై చెప్పినన్ని రోజులు ఆగాకే చేపలు అమ్మండి.