పెచ్చులూడని కవచం

నాటకాలకీ ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకీ కవచాలు సొంతంగా చేసుకోవడంపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: కాలేజీ వార్షికోత్సవంలో కర్ణుడి ఏకపాత్రాభినయం చేస్తున్నాను. అద్దె డ్రెస్సు ఒంటికి సరిపోవడం లేదు. ఫోమ్‌తో ఛాతీ కవచం, భుజకీర్తులు చేసుకుందామనుకుంటున్నాను. ఏ ఫోమ్, ఎంత కొనాలి? – డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఈవీఏ ఫోమ్ అని అడగండి. జిమ్ముల్లో నేల మీద ఒకదానికొకటి ఇరికించి పరిచే చాపలు సాధారణంగా ఇవే. ఛాతీకీ వీపుకీ 10 మి.మీ. మందం, భుజకీర్తులకీ ముంజేతి పట్టీలకీ 5 లేదా 6, పైన అతికించే లతలకీ అంచులకీ 2 మి.మీ. సరిపోతుంది. 60 సెం.మీ. చదరపు పలకలైతే 10 మి.మీ.వి నాలుగు, 6 మి.మీ.వి రెండు, 2 మి.మీ.ది ఒకటి తెచ్చుకోండి. నాలుగింటిలో ఒకటి పాడుచేసుకోవడానికే. మొదటిసారి చేసేవాళ్లకి అది తప్పదు.

కొనేముందు గోటితో గట్టిగా నొక్కి వదలండి. గుంట చప్పున పూడితే మంచి సరుకు. అలాగే ఉండిపోతే మెత్తటిది, వంచిన వంపు నిలవదు. చాప మీద గరుకు డిజైన్ ఉంటే ఆ వైపు లోపలికి పెట్టుకోండి. టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లటి మెత్తని ఫోమ్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ దానికి జిగురు పట్టదు. థర్మోకోల్ అయితే రబ్బరు జిగురు తగలగానే కరిగిపోతుంది.

ఒక్క మాట. కర్ణుడిది పుట్టుకతో వచ్చిన కవచం. పక్కన బ్యాగు క్లిప్పులు మెరిస్తే ముందు వరసలోవాళ్లు నవ్వుతారు. కట్టు ఎడమ చంక కింద పెట్టి, పైన ఉత్తరీయం జారవిడవండి.

ప్రశ్న: టేపుతో ఛాతీ కొలిచి, సరిగ్గా అంతే కోశాను. చుట్టుకుంటే అంచులు కలవడం లేదు. మూడంగుళాలు తక్కువ వస్తోంది. – తణుకు

జవాబు: కొలత తప్పు కాదు, మందం మర్చిపోయారు. పలకని గుండ్రంగా వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, మధ్య పొర మాత్రమే అసలు పొడవులో ఉంటుంది. అందుకే ఒంటి చుట్టుకొలతకి మందాన్ని 3.14తో హెచ్చవేసి కలపాలి. 10 మి.మీ. ఫోమ్‌కి అది సుమారు 3 సెం.మీ. గట్టిగా ఊపిరి పీల్చి పద్యం ఎత్తుకోవాలంటే ఇంకో 4 సెం.మీ. వదులు కావాలి. మొత్తం 7. మీ మూడంగుళాలు దాదాపు అక్కడికే పోయాయి. కొలత కూడా లోపల వేసుకునే చొక్కా మీద నుంచే తీయండి.

అసలు ఛాతీకి టేపు కొలత చాలదు. పాత బనియన్ వేసుకుని, దాని మీద వంటింటి క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు, ఆపైన మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా రెండు పొరలు వేయించుకోండి. బిగించి చుట్టొద్దు, ఊపిరి ఆడాలి. దాని మీద స్కెచ్ పెన్‌తో నడిమి గీత, భుజం గీత, చంక గీత, కవచం అంచులు గీయించండి. కలవాల్సిన చోట్ల ప్రతి 5 సెం.మీ.కి ఒక అడ్డగీత పెట్టించండి. వీపు మీదుగా కత్తెరతో జాగ్రత్తగా కోయించి తీసి, గీతల వెంట ముక్కలు చేస్తే మూస తయారు. బల్ల మీద పరిస్తే లేచి నిలబడే చోట చీలిక ఇవ్వండి. ఫోమ్‌కి అక్కడే డార్ట్ (V ఆకారంలో కోసి అంచులు కలిపే చోటు) వస్తుంది. ఈ మూస ఒంటి కొలతే కాబట్టి, పైన చెప్పిన 7 సెం.మీ.ని రెండు పక్క కుట్ల దగ్గర పంచి కలపండి.

ఫోమ్ కోసేముందు అదే ఆకారం అట్టతో చేసి, తొడుక్కుని కుర్చీలో కూర్చోండి. కింది అంచు బొడ్డు దాకా ఉంటే, కూర్చోగానే కవచం పైకి లేచి గడ్డానికి తగులుతుంది. చివరి పక్కటెముక దగ్గర ఆపేయండి. చేతులు పైకెత్తి విల్లు పట్టినట్టు కూడా చూడండి. చంక దగ్గర ఒరుసుకుంటే అక్కడ రెండు వేళ్ల మేర తీసేయాలి.

ప్రశ్న: ఫెవికాల్‌తో అతికించిన అతుకులు మర్నాటికే విడిపోతున్నాయి. – కాకినాడ

జవాబు: తెల్ల ఫెవికాల్ చెక్కకీ కాగితానికీ పనికొస్తుంది. నీరు పీల్చని ఫోమ్‌లోకి అది దిగదు. సన్‌మైకా అతికించే పసుపు రబ్బరు జిగురు తీసుకోండి. అంచులు రెంటికీ పలచగా రాసి, 10–15 నిమిషాలు విడిగా ఆరనివ్వండి. వేలికి అంటకుండా, కొంచెం జిగటగా అనిపించాలి. అప్పుడు రెండు చివరలూ కలిపి, తర్వాత మధ్య, ఆపైన మిగతాది నొక్కుకుంటూ రండి. అంటుకున్నాక జరపడం కుదరదు, అడ్డగీతలు అందుకే. తడిగా ఉండగా కలిపితే ద్రావకం లోపలే చిక్కుకుని అతుకు జారుతుంది. వానాకాలం సముద్రం ఒడ్డున జిగురు మీద తెల్లగా మసక కమ్మితే అది గాలిలోని తేమ. ఆరనిచ్చి మళ్లీ ఒక పూత వేయండి.

బ్లేడు మొద్దుబారినా అతుకు చెడుతుంది. కోత నున్నగా రాక గొరికినట్టు ఉంటుంది. విరిచే కట్టర్ బ్లేడు ప్రతి మీటరుకీ ఒక గాటు విరిచేయండి. మూల తిరగాలంటే రెండంచులూ 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి. హీట్‌గన్ (వేడిగాలి ఊదే పరికరం) పని మొత్తం అతికించక ముందే అయిపోవాలి. ఉపరితలం కాస్త నిగనిగలాడేదాకా గన్ను కదుపుతూ వేడిచేసి, మోకాలి మీద మందపాటి గుడ్డ వేసి వంచి, చల్లారేదాకా పట్టుకోండి. అతికాక వేడి పెడితే జిగురు మెత్తబడి అతుకు నోరు తెరుస్తుంది. ఈ జిగురు ఆవిరి తలనొప్పి తెస్తుంది, మంట కూడా అంటుకుంటుంది. కిటికీలు తీసి, దీపాలూ పొయ్యీ లేని చోట చేయండి.

ప్రశ్న: బంగారు స్ప్రే వేసిన మర్నాడే వంగే చోట పెచ్చులు లేచాయి. – నిజామాబాద్

జవాబు: ఫోమ్ సాగుతుంది, గట్టి ఎనామిల్ సాగదు. మధ్యలో సాగే పొర కావాలి. ముందు, ముక్కలు అతికించక మునుపే, హీట్‌గన్‌తో ఒకసారి ఉపరితలం మీది సన్నని రంధ్రాలు మూసుకునేలా చేయండి. తర్వాత కాకినాడ పాఠకుణ్ణి వద్దన్న ఆ ఫెవికాల్‌నే నీళ్లతో పలచన చేసి నాలుగైదు పూతలు వేయండి. ప్రతి పూతా తెలుపు పోయి పారదర్శకం అయ్యాకే తర్వాతది. బాగా వంగే చోట, చెమట తగిలే చోట మాత్రం ఫెవికాల్ కాకుండా రబ్బరు తరహా స్ప్రే పూత వాడండి. ఆపైన అక్రిలిక్ రంగులే. బంగారానికి కింద ముదురు గోధుమ రంగు వేసి, పొడి బ్రష్‌తో బంగారం ఎత్తుల మీద రుద్దితే స్టేజీ లైటుకి లోహంలా కనిపిస్తుంది. చెక్కడాల గాడుల్లో బంగారం దింపకండి. అక్కడి గోధుమ రంగే లోతు చూపిస్తుంది.

ప్రశ్న: మా పిల్లాడికి ఎనిమిదేళ్లు. రేపే పోటీ. ఏమైనా చేయొచ్చా? – ఓ తల్లి, గుంటూరు

జవాబు: చేయొచ్చమ్మా, ఫోమ్ జోలికి మాత్రం వెళ్లకండి. అట్టపెట్టె చాలు. అట్ట లోపలి గొట్టాలు నిలువుగా ఉండేలా కోస్తే ఒంటి చుట్టూ చక్కగా వంగుతుంది, అడ్డంగా ఉంటే మడత పడి విరుగుతుంది. మెడకి కట్టే తాళ్లు వద్దు, భుజాల మీద ఎలాస్టిక్ పెట్టండి. ముఖం మూసే శిరస్త్రాణం వద్దు.

ప్రశ్న: కవచానికి అతికించిన వెల్క్రో చెమటకి ఊడుతోంది. – వరంగల్

జవాబు: వెల్క్రో వెనక ఉండే అంటు ఫోమ్‌కి నిలవదు. 25 మి.మీ. నైలాన్ పట్టీకి వెల్క్రో కుట్టి, ఆ పట్టీని 10 సెం.మీ. పొడవున రబ్బరు జిగురుతో లోపల అతికించి, మీద ఫోమ్ ముక్క కప్పండి. వేసుకున్నాక లోపలి భాగం గుడ్డతో తుడిచి, నీడలో తలకిందులుగా ఆరేయండి. ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి. మే నెల మధ్యాహ్నం చాలు, అతుకులన్నీ వాటంతటవే తెరుచుకోవడానికి.