అమెరికా యూనివర్సిటీల అప్లికేషన్ ఫీజు మాఫీ నిజంగా ఇస్తారా? ఎలా అడగాలి?

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నానని, ఎమ్మెస్‌కీ పీహెచ్‌డీకీ కలిపి ఏడెనిమిది చోట్ల అప్లై చేయాలంటే ఫీజులకే ఇంట్లో కష్టమవుతోందని రాశారు. మాఫీ ఇస్తారు. నేను పీహెచ్‌డీకి అప్లై చేసినప్పుడు కొన్ని చోట్ల పైసా కట్టలేదు. కాకపోతే అందరూ ఇవ్వరు, ఇచ్చేవాళ్లు కూడా అడక్కుండా ఇవ్వరు.

ముందుగా ప్రతి యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ స్కూల్ (ఎమ్మెస్, పీహెచ్‌డీ అడ్మిషన్లు చూసే విభాగం) పేజీలో ఫీ వెయివర్, అంటే ఫీజు మాఫీ, గురించి ఏం రాశారో చదవండి. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే అని చాలా చోట్ల ఉంటుంది. అది చూసి నా స్నేహితులు చాలామంది అక్కడితోనే ఆగిపోయారు. ఆగక్కర్లేదు. గ్రాడ్యుయేట్ స్కూల్ నియమం ఒకటైతే, డిపార్ట్‌మెంట్ చేతిలో ఉండేది ఇంకొకటి. కొన్ని డిపార్ట్‌మెంట్లు తాము తీసుకోవాలనుకున్న విద్యార్థుల ఫీజు తామే భరిస్తాయి, లేదా కొన్ని వెయివర్ కోడ్‌లు (అప్లికేషన్‌లో వేస్తే ఫీజు పడదు) దగ్గర పెట్టుకుంటాయి. ఈ సంగతి పేజీలో ఉండదు. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెడితేనే తెలుస్తుంది.

ఆ మెయిల్ చిన్నగా ఉండాలి. పేరు, ఏ ప్రోగ్రామ్, ఏ సెమిస్టర్, మార్కులు, చేసిన ప్రాజెక్టు గురించి ఒక వాక్యం, ఫీజు ఎందుకు భారమో ఇంకో రెండు వాక్యాలు. ఇంటి కష్టాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు, చదివే మనిషికి అలాంటి మెయిల్స్ రోజూ వస్తాయి. ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి, కొందరు అడుగుతారు. నాకు కొన్ని చోట్ల జవాబే రాలేదు, కొన్ని చోట్ల విదేశీ విద్యార్థులకు కుదరదన్నారు. దానికి బాధపడాల్సిందేమీ లేదు. అడిగినందుకు అడ్మిషన్ పోతుందేమోనన్న టెన్షన్ అసలొద్దు. ఫీజు సంగతి చూసేవాళ్లు, మీ ఫైల్ చదివే ప్రొఫెసర్లు మామూలుగా వేరు.

పీహెచ్‌డీకైతే, మీ పని మీద ఆసక్తి చూపిన ప్రొఫెసర్ ఉంటే ఆయన్నే మర్యాదగా అడగవచ్చు. ఆయన మాఫీ చేయలేకపోయినా ఆఫీసుకి ఒక మాట చెప్పగలరు. ఎమ్మెస్ దారి వేరు. అక్కడ ఆన్‌లైన్ సమాచార సమావేశాలకు హాజరైనవాళ్లకు, ముందుగా అప్లై చేసినవాళ్లకు కోడ్‌లు ఇచ్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. కాబట్టి ఆ ఆహ్వానాలను స్పామ్ అనుకుని తీసేయకండి.

సమయం చాలా ముఖ్యం. చాలా పీహెచ్‌డీ గడువులు డిసెంబర్‌లో ఉంటాయి. మీరు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే అడగండి. కొన్ని చోట్ల మాఫీ కోరడానికే వేరే గడువు ఉంటుంది, అది అప్లికేషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది. జవాబు వచ్చేదాకా ఫీజు కట్టకండి, కట్టింది సాధారణంగా వెనక్కి రాదు. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట గ్రాడ్యుయేట్ అప్లికేషన్‌కి 125 డాలర్లు, తొందరపడి పోగొట్టుకునే మొత్తం కాదది.

కన్సల్టెన్సీలు "మా ద్వారా అయితే అప్లికేషన్ ఫ్రీ" అంటాయి కదా, వాళ్లిచ్చే కాలేజీల జాబితాను కాస్త అనుమానంగా చూడండి. విద్యార్థిని పంపినందుకు కమీషన్ ఇచ్చే కాలేజీలే అందులో ఎక్కువగా ఉండొచ్చు. ఫీజు లేదు కదా అని మీకు పనికిరాని కాలేజీలో చేరితే అంతకంతా పోతుంది.

ఫీజు కాక వేరే ఖర్చులూ ఉంటాయి. చాలా ప్రోగ్రామ్‌లు అడిగే ప్రవేశ పరీక్ష జీఆర్ఈ రాసిన రోజే 4 చోట్లకు స్కోర్లు ఉచితంగా పంపవచ్చు, ముందే పేర్లు తేల్చుకుని వెళ్లండి. అప్లికేషన్ దశలో మీరు అప్‌లోడ్ చేసిన స్కోరు, మార్కుల జాబితా సరిపోతాయని, అసలైనవి సీటు వచ్చాక పంపమని చెప్పే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఎవరూ అడగకముందే డబ్బు కట్టి సర్టిఫికెట్ల మూల్యాంకనం (మన చదువు అక్కడి దేనికి సమానమో తేల్చడం) చేయించకండి.

మీ చెల్లి డిగ్రీకే అక్కడికి వెళ్లాలనుకుంటోందని కూడా అన్నారు. తనకి కామన్ యాప్‌లోనే (ఒకే అప్లికేషన్‌తో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్) ఫీజు మాఫీ కోరే భాగం ఉంది. విదేశీ విద్యార్థుల విషయంలో దాన్ని ఒప్పుకునేదీ లేనిదీ ఆయా కాలేజీల ఇష్టం, ముందే కనుక్కోమనండి. గ్రిన్నెల్, కార్ల్‌టన్, కోల్బీ లాంటి కాలేజీలకైతే అప్లికేషన్ ఫీజే లేదు.