బ్రాండ్లు వేరైనా ఒకే ఫోన్‌లో ఇద్దరూ వినొచ్చు

అరకు రైల్లో మీరూ మీ చెల్లీ ఒకే ఫోన్‌లో సినిమా చూడాలి, మీది బోట్ నెక్‌బ్యాండ్, తనది సోనీ ఇయర్‌బడ్స్, కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. హెడ్‌ఫోన్లు ఏ కంపెనీవన్నది కాదు, ఒకేసారి రెండింటికి ఆడియో పంపడం మీ ఫోన్‌కి వచ్చా రాదా అన్నది చూడాలి.

సామ్‌సంగ్‌లో ఇది 2017 నాటి గెలాక్సీ ఎస్8తోనే వచ్చింది. పేరు డ్యూయల్ ఆడియో. మేం వైజాగ్ నుంచి అరకు వెళ్లేటప్పుడు నేనూ అక్కా ఇలాగే చూస్తాం. ముందు రెండింటినీ విడివిడిగా పెయిర్ చేసుకోండి. తర్వాత స్క్రీన్ పైనుంచి కిందికి లాగి, మీడియా అవుట్‌పుట్‌లో రెండు పేర్లకూ టిక్ పెట్టండి. ఎవరి వాల్యూమ్ వాళ్లకే ఉంటుంది. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలై రైలు మోత రెట్టింపవుతుంది, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. అక్క తనది పెంచుకుంటుంది, నా చెవులకేం ఇబ్బంది ఉండదు.

ఒక్క చిన్న తేడా మాత్రం గమనిస్తారు. ఒక్కో హెడ్‌ఫోన్‌లో శబ్దం ఒక్కోలా ఆలస్యమవుతుంది కాబట్టి, ఒకే డైలాగ్‌కి అక్క నాకంటే కాస్త ముందే నవ్వేస్తుంది. సినిమాకి ఫర్వాలేదు. ఇక కాల్ వస్తే ఒకరికే వినిపిస్తుంది.

ఐఫోన్ అయితే కష్టమే. అందులోని ఆడియో షేరింగ్ ఎయిర్‌పాడ్స్‌తో, కొన్ని బీట్స్ మోడళ్లతో మాత్రమే పనిచేస్తుంది.

కొత్తవి కొందామనుకుంటే జాగ్రత్త. జగదాంబ దగ్గర ఒక షాపులో నేను ఇదే అడిగితే, బాక్స్ మీద మల్టీపాయింట్ అని చూపించి 'ఇదేనండీ' అన్నారు. అది కాదు. మల్టీపాయింట్ అంటే ఒక హెడ్‌ఫోన్‌ని రెండు ఫోన్లకు కలపడం, మీకు కావలసినదానికి పూర్తిగా ఉల్టా. బ్లూటూత్ 5.3 అన్న అంకె చూసి కూడా కొనేయకండి. ఆరాకాస్ట్ అని రాసుందో లేదో చూడండి. 2022లో ఆ పేరుతో వచ్చిన ఈ పద్ధతిలో ఒక ఫోన్ నుంచి ఎంతమందైనా, ఏ బ్రాండ్‌తోనైనా వినొచ్చు. కానీ ఫోన్‌లోనూ, ప్రతి హెడ్‌ఫోన్‌లోనూ అది ఉండి తీరాలి.

ఇవేవీ లేకపోయినా, ఫోన్‌కి 3.5 ఎం.ఎం. జాక్ ఉంటే రెండు హెడ్‌ఫోన్లకు పంపగల చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ దొరుకుతుంది. దాన్ని ముందురోజు రాత్రే ఛార్జ్ చేసి, ఇంట్లోనే రెండింటితో పెయిర్ చేసి చూసుకోండి. రైల్లో కూర్చున్నాక ఆ టెన్షన్ ఎందుకు?