మానసిక సమస్య ఉన్నవాళ్లు ఇంకొకరి సాయం ఎందుకు తీసుకోవాలి? సొంతంగా తట్టుకోలేరా?

ఈ రెండో ప్రశ్న నాకు నేనే ఏడాదిపాటు వేసుకున్నాను. నాది డిప్రెషన్. కాలు విరిగితే ఏం చేయాలో ఆలోచించడానికి బుర్ర ఉంటుంది. ఇక్కడ జబ్బు పడింది ఆ బుర్రే. "నువ్వు అందరికీ భారం" అని అది అంటుంటే, ఆ మాట జబ్బుదా నాదా అని తేల్చాల్సిందీ అదే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు.

ఆ రోజుల్లో ఒక స్నేహితుడికి "ఈమధ్య ఏం బాగుండట్లేదురా" అని టైప్ చేసి, చెరిపేసి, ఫోన్ బోర్లా పెట్టేసేవాణ్ణి. చివరికి పసిగట్టింది మా అక్క. "రాత్రి మూడింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావు. నిన్నా అంతే, మొన్నా అంతే. ఏమైందిరా?" అంది. లెక్కేసుకుంటే నాకు సరిగా నిద్రపట్టి నెల దాటింది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వాటితోపాటు నిద్ర, ఆకలి దెబ్బతినడం 2 వారాలు వదలకుండా ఉంటే డాక్టర్లు డిప్రెషనేమోనని చూస్తారు. నేనేమో బద్ధకం అనుకుంటున్నాను!

అపాయింట్‌మెంట్ కూడా తనే తీసుకుంది. ఈ మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, కడుపులో తిప్పడం మాత్రం ముందే మొదలవుతుంది. పదో రోజున స్ట్రిప్ చెత్తబుట్టలో పడేశాను. అక్క దాన్ని తీసి, తుడిచి, బల్ల మీద పెట్టి, "డాక్టర్‌ని అడిగి మానేద్దువుగాని" అంది. అడిగితే, తిన్నాక వేసుకోమన్నారు. తిప్పడం తగ్గింది. అక్క లేకపోతే నా వైద్యం ఆ చెత్తబుట్టతోనే సరి.

బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అదుపు తప్పిన ఉత్సాహం వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు ఇలాంటి సాయం ఇంకా అవసరం. మేనియా, అంటే ఆ ఉత్సాహం దశ మొదలైనప్పుడు తమకేదో అయిందని చాలామందికి అనిపించదు, హుషారుగా ఉన్నామనుకుంటారు. నిద్ర తగ్గిందని, మాట వేగం పెరిగిందని ముందు గమనించేది పక్కవాళ్లే.

అలాగని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకోమనను. నేను చెప్పిన ఒకాయన "పని లేకపోతే ఇలాంటివే వస్తాయి" అన్నాడు. మళ్లీ ఆయన దగ్గర ఆ ఊసెత్తలేదు. చెప్పేటప్పుడు ఏం కావాలో కూడా చెబితే మంచిది: "సలహాలొద్దు, సాయంత్రం నాతో కాసేపు నడువు చాలు" అని. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం మనిషిని ఎంచుకుంటూ కూర్చోవద్దు. పక్కన ఎవరుంటే వాళ్లకి వెంటనే చెప్పండి, లేదా ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి.

ఆ చెరిపేసిన మెసేజ్‌ని తర్వాత ఆ స్నేహితుడికి పంపాను. "రెండు నిమిషాల్లో చేస్తా" అన్నాడు. నలభై నిమిషాలకు చేశాడు వెధవ. గంటన్నర మాట్లాడాం.